జానీ మియా ఐసు జట్టు లారీ ఎక్కిన రోజు

నేను గోల్‌లో నిలబడ్డ ఆటలో మా హాకీ జట్టు మీద ఒక్క గోలు కూడా పడలేదు. బూర్గంపాడులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. అడిగేటప్పుడు మా ఆవిడ అనంతమ్మ చుట్టుపక్కల లేకుండా చూసుకోండి, అంతే.

మాది మామూలు ఊరి జట్టు కాదు. జీతానికి ఆడే జట్టు. ఆ జీతమిచ్చింది ప్రభుత్వమూ కాదు, పెద్ద కంపెనీ కూడా కాదు. ఐసు ఫ్యాక్టరీ జానీ మియా ఇచ్చాడు. నేను ఆయన దగ్గర ఐసు లాగేవాణ్ణి. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి డబ్బాలు పైకి తీయడం, దిమ్మ జారగానే కొండి వేసి గుంజడం, ఊక పోసి గోనె కప్పడం, ఇదే నా పని. నా పేరు చెంచురామయ్య. చదివింది మా ఊరి బడిలోనే. అంచేత అబద్ధమాడితే సూటిగా ఆడతాను, దానికి మెలికలు పెట్టడం నాకు రాదు.

ముందు ఆ జట్టు బూర్గంపాడుదే కాదు. ఇల్లెందు వైపు బొగ్గుగని కార్మికుల పిల్లల జట్టు అది. గని మూతపడ్డాక తండ్రులకు తలో దిక్కు బదిలీలయ్యాయి. హాకీ కర్రలు పట్టుకుని పిల్లలు మాత్రం అక్కడే మిగిలారు. జానీ మియా పెళ్ళిళ్ళకు ఐసు వేసుకుని అటు పోయేవాడు. ఒకరోజు మైదానం పక్కన వ్యాను ఆపి ఆట చూస్తుంటే, బంతి ఎగిరొచ్చి ఆయన ఐసు దిమ్మకు తగిలింది. దిమ్మ నిలువునా రెండు ముక్కలైంది. ఇంకొకడైతే తిట్టేవాడు. జానీ మియా దిగి, ఆ బంతి కొట్టినవాణ్ణి పిలిచి, "బేటా, గిట్ల దిమ్మ కొయ్యాలంటే మాకు రంపం కావాలె. నాతోని వస్తవా?" అన్నాడట.

ఒక్కడినే అడిగాడు. పదకొండు మందీ వచ్చారు. వ్యానులో వేరే చోటు లేక ఐసు దిమ్మల మీదే కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. బూర్గంపాడులో దిగేసరికి ఒకడికి ముక్కు కారుతోంది, ఒకడికి పళ్ళు టకటకలాడుతున్నాయి, మిగతావాళ్ళు వరసగా తుమ్ముతున్నారు. ఊళ్ళో మా జట్టు మొదటి చప్పుడు ఆ తుమ్ములే.

పొద్దున ఐసు లాగాలి, సాయంత్రం హాకీ ఆడాలి. రెండు పనులకూ కలిపి జీతం. ఖమ్మం, కొత్తగూడెం, అవతల ఏలూరు దాకా పోయి ఆడి, కప్పులు తెచ్చారు. మా వీరేందర్ ఒకసారి కొట్టిన బంతి గోదావరి దాటి భద్రాచలం ఒడ్డున పడింది. మర్నాడు పడవవాడు తెచ్చిచ్చాడు. సరే, గోదావరి కాదు, మా ఊరి పక్కన వాగు. కానీ వాగు గోదావరిలోనే కలుస్తుంది కదా.

వాళ్ళకు వండిపెట్టే పని అనంతమ్మ మీద పడింది. "చాచీ, నీ ఇంటి ముందర రేకుల షెడ్డు వేయిస్త. పిల్లలు ఆడనే తింటరు" అన్నాడు జానీ మియా. వయసులో ఆయనే పెద్దవాడు. అయినా పని పడినప్పుడల్లా మా ఆవిణ్ణి పిన్ని వరస కలిపి చాచీ అనేవాడు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఇంతటితో చెప్పేసి ముందుకు పోతాను. ఎందుకంటే ఆ షెడ్డు వేశాక దాన్ని తలుచుకోవడానికి అనంతమ్మకు తీరిక దొరకలేదు. పప్పుచారు, గోంగూర, ఆదివారం చేపల పులుసు, ఎవడికి కారం ఎక్కువ, ఎవడికి రొట్టె మాడాలి, అదే ఆమె లోకం అయిపోయింది. గోల్‌కీపర్ రూప్‌సింగ్ తండా పిల్లవాడు. ఆమెను యాడీ అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో యాడీ అంటే అమ్మ. మొదటిసారి ఆ పిలుపు విన్న రోజు అనంతమ్మ చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవ్వరూ కిక్కురుమనకుండా తిన్నారు.

మా మైదానంలో ఒక ఆచారం ఉండేది. బయటి పోటీలకు గడియారం ఉంటుంది. మా ఊళ్ళో ఆదివారం ఆటకు మాత్రం ఐసే గడియారం. గీత పక్కన నల్లరాయి మీద ఒక ఐసు ముక్క పెడతాం. ఆ ముక్క ఉన్నంతసేపూ ఆట సాగుతుంది. చివరి పలుకు నీరవగానే విజిల్. అందుకని ఎండాకాలం ఆట పొట్టిగా, చలికాలం ఆట పొడుగ్గా ఉండేది. పుష్యమాసంలో మాతో ఆడడానికి వచ్చిన జట్లు, "ఇదేం ఆటయ్యా, పొద్దు గుంకుతుంది" అని మొత్తుకునేవి. ఆ ఐసు దగ్గర విజిల్ పట్టుకుని కూర్చునేది నేనే. అంటే కాలానికి కాపలా కాసేవాణ్ణన్నమాట. ఇది గొప్ప కాదు, నిజం.

ఇంకొకాయన సంగతి చెప్పాలి. పేరు రాందాస్. ఇల్లెందులో బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. జట్టు మా ఊరికి వచ్చేసినా ఆయన దాన్ని వదల్లేదు. ఆదివారం ఆదివారం బస్సులు మారి వచ్చి, గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. ఇంట్లో భద్రాచలం రాముడి దగ్గరికని చెప్పి బయల్దేరేవాడు. అందుకని ఆట అయ్యాక బ్రిడ్జి దాటి పోయి ప్రసాదం కొనుక్కుని, ఆ సాక్ష్యంతో ఇల్లు చేరేవాడు.

నేను ఆయన్ని ఏడిపించని ఆదివారం లేదు.

"ఏందన్నా, నీ జట్టు నిన్ను ఇడిసిపెట్టి వచ్చింది గదా, ఇంకా ఎందుకు దాని ఎంబడి పడ్తవ్?"

"జట్టు ఇడిసిపెట్టింది తమ్మీ, నేను ఇడిసిపెట్టలే."

"గట్లయితే ఈడనే ఉండరాదూ?"

"ఈడ ఉంటే బస్సు దిగినప్పటి సంబురం ఏడికెల్లి వస్తది?"

ఆ మాటకు నేను మూడు ఆదివారాలు నవ్వాను. నవ్వినందుకు తర్వాత నాకే తగిలింది, అది వేరే సంగతి.

జానీ మియా పోయాక ఫ్యాక్టరీ ఆయన కూతురు ఫరహా చేతికి వచ్చింది. చిన్నప్పుడు ఐసు పొడి దొంగిలించి తిని నా చేత చీవాట్లు తిన్న పిల్ల. లెక్కలోనూ మాటలోనూ తండ్రిని మించింది. ఇరవై రెండులో వచ్చిన వరద మా ఫ్యాక్టరీలో తల ఎత్తు దాకా నిలబడింది. మోటార్లు బురద తాగాయి. ఫరహా బాగు చేయించింది. మరుసటేడు మళ్ళీ నీళ్ళు గేటు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి పోయాయి. పైగా ఇళ్ళల్లో ఫ్రిజ్జులొచ్చాక మా ఐసు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. వేంసూరు వైపు చేపల చెరువులున్నాయి, లారీలు అక్కణ్ణుంచి ఆంధ్రకు పోతాయి, వాటికి ఐసు కావాలి, నేల మెరక. ఈ సంగతులన్నీ ఫరహా మా షెడ్డులో కూర్చుని, అనంతమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ చెప్పింది.

"ఫ్యాక్టరీ వేంసూరు పోతది చాచా. పనోళ్ళు గూడ. అంటే జట్టు గూడ."

ఫరహా ఫోను తీసి మాకొక ఆట చూపించింది. ఎక్కడో చలిదేశం. నేలంతా ఐసు. దాని మీద బూట్లకు కత్తులు కట్టుకుని మనుషులు జారుతున్నారు. చేతుల్లో మన కర్రల్లాంటి కర్రలే.

"గింత ఐసా! ఊక పొయ్యకుండ గట్ల పరిస్తే ఎట్లా?" అన్నాను నేను.

"వాళ్ళ జట్లు గూడ గిట్లనే ఊళ్ళు మారుతయి చాచా. ఓనర్‌కు గిట్టుబాటు కాకుంటే సామాను సర్దుకుని ఇంకో నగరం పోతడు. ఆటగాళ్ళు పోతరు."

"మరి ఆ ఊరోళ్ళు?" అని అడిగింది అనంతమ్మ.

ఫరహా ఫోను ఆపింది. "పాత జట్టు అంగీలు తొడుక్కుని తిరుగుతరట చాచీ. ఏండ్ల తరబడి." తర్వాత గ్లాసు కింద పెట్టి అంది: "నువ్వు నాతోని రా. ఆడ వంటిల్లు కట్టిస్తున్న. నువ్వు లేకుంటే వీళ్ళు నా మాట ఇనరు."

అనంతమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. తెలిసి కూడా మీసం దువ్వాను.

"జట్టు పోతే పోనీ బిడ్డా. ఎనభై ఆరు వరదకే ఈ ఒడ్డు ఇడవలే నేను. ఇప్పుడు ఇడుస్తనా? మేము రాము."

మేము అన్నాను. ఆమెను అడగకుండానే అన్నాను. అనంతమ్మ ఖాళీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు తగ్గి గిన్నెల చప్పుడు పెరిగింది. పిల్లలు తినడానికి కూర్చుంటే ఆమె అడక్కుండానే రెండోసారి వడ్డించేది. ఎవడైనా "చాలు పెద్దమ్మా" అంటే, "తిను, ఆడ ఎవరు పెడతరో ఏమో" అనేది. అనంతమ్మ లేకుండా జట్టు పోతే ఆమెకు ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ నలుగురిలో అన్న మాట ఐసు కాదుగా, ఎండలో పెట్టగానే కరగడానికి.

ఒక మధ్యాహ్నం రూప్‌సింగ్ ఆమె దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. నేను పక్కనే మంచం మీద పడుకుని, నన్ను ఎవరూ అడగకపోయినా, పాత గొప్ప ఎత్తుకున్నాను.

"ఒరే, నేను గోల్‌ల నిలబడ్డ నాడు ఒక్క గోలు పడ్డదా? అసొంటి మనిషి ఈ ఒడ్డు ఇడిసి ఎట్ల వస్తడ్రా?"

అనంతమ్మ ఒలిచిన పొట్టు ఊది, రూప్‌సింగ్‌తో అంది. "ఆనాడు నీకు జరమొచ్చింది, యాదికున్నదా కొడుకా? మణుగూరు జట్టుతోని ఆట. పదకొండో మనిషి లేకుంటే ఆట లేదన్నరు. మీ తాతకు, గో ఈయనకు, నీ ప్యాడ్లు కట్టి నిలబెట్టిన్రు. ప్యాడ్లు కట్టినంక వంగరాలే, నడవరాలే. ఎత్తుకపోయి గోల్‌ల పెట్టిన్రు, గణపతిని పెట్టినట్టు."

"మరి గోలు ఎందుకు పడలేదు యాడీ?"

"అవతలి జట్టు రాలే. వాళ్ళ బస్సు తొవ్వల చెడిపోయింది. రిఫరీ చూసి చూసి మనోళ్ళు గెలిచిన్రని విజిల్ ఊదిండు."

రూప్‌సింగ్ వెల్లుల్లి వదిలేసి నవ్వాడు. నేనూ నవ్వాను. అబద్ధం ఎక్కడుంది చెప్పండి? గోలు పడలేదు కదా. ఆ నవ్వులో అనంతమ్మ కూడా కాస్త కలిసింది. కానీ రూప్‌సింగ్ లేచి వెళ్ళాక అతను ఒలవకుండా వదిలిన రేకలను చేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

మే నెలలో ఆఖరి ఆదివారం వచ్చింది. మర్నాడు పొద్దున్నే లారీలు. జట్టుకూ ఊరి కుర్రాళ్ళకూ ఆట పెట్టారు. ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. రాందాస్ తువ్వాలు పరిచి, నా వైపు చూసి, పక్కన చోటు చరిచి చూపించాడు.

"ఏం తమ్మీ, వచ్చే వారం నుంచి నా పక్కన కూసుంటవా? బస్సుల టైము నేను చెప్త."

నల్లరాయి మీద ఐసు ముక్క పెట్టి, విజిల్ ఊదాను.

ఆ ఎండకు ఆ ముక్క ఎంతో సేపు ఉండకూడదు. వీరేందర్ ఒక గోలు కొట్టాడు. ఊరి కుర్రాళ్ళు ఒకటి కొట్టారు. దాన్ని రూప్‌సింగ్ ఆపగలడు, ఆపలేదు, వాళ్ళకు జ్ఞాపకానికి ఉండనీ అని వదిలాడు. నేను ఆట చూస్తున్నాను. ఐసు వైపు తిరిగేసరికి దాని మీద తడి గోనెసంచి కప్పి ఉంది. పక్కన అనంతమ్మ నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నవే?"

"ఎండ కొడ్తలేదా మరి? కప్పిన."

"కరగడానికే కదనే ఎండల పెట్టింది!"

నేను గోనె తీయలేదు. కాసేపటికి ఆమె మా ఇంటి వైపు పోయి, కొంగులో ఊక తెచ్చింది. గోనె పక్కలు ఎత్తి, చుట్టూ పోసి, పిల్లవాడికి దుప్పటి సర్దినట్టు సర్దింది. ఇరవై ఏళ్ళు నేను ఐసుకు చేసిన పనే అది. మైదానంలో మాత్రం ఎన్నడూ ఎవరూ చేయలేదు. అమ్మే ఐసును కాపాడతాం. ఆటలో ఐసును పోనివ్వాలి.

ఆట సాగుతూనే ఉంది. ఊరి కుర్రాళ్ళు అలిసి కూలబడుతున్నారు. వీరేందర్ నడుం పట్టుకుని అరిచాడు. "తాతా! విజిల్ ఊదవా ఏంది?"

"ఐసు ఉన్నది కదరా! ఆడుండ్రి!"

"చచ్చిపోతం తాతా!"

"చస్తే సావుండ్రి గని, ఆడి సావుండ్రి!"

గట్టంతా నవ్వింది. కానీ రూప్‌సింగ్ నవ్వలేదు. గోల్‌లో నిలబడి ఇటే చూస్తున్నాడు. ఎండ చల్లబడి నీడలు మైదానం దాటేశాయి. అప్పుడతను గోల్ వదిలేసి, ప్యాడ్లతోనే బరబరా నడిచి వచ్చి, నల్లరాయి ముందు కూర్చున్నాడు. గోనె ఎత్తి చూశాడు. ఐసు ఇంకా గుప్పెడంత ఉంది.

"యాడీ," అన్నాడు మెల్లగా. "నువ్వు ఎన్ని సంచులు కప్పినా రేపు పొద్దుగాల లారీ వస్తది."

"ఎరుకే కొడుకా."

"మరి?"

"రేపు పొద్దుగాల కదా. ఇప్పుడు కాదు కదా."

ఈలోగా ఫరహా వచ్చింది. ఊక చూసింది, గోనె చూసింది, నా మొహం చూసింది. ఐసు వ్యాపారి కూతురికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

"మా అబ్బా ఉంటే నీ జీతం కోస్తుండె చాచా. అమ్మే ఐసుకు ఊక సాల్తలేదని రోజూ నాతోని లొల్లి పెడ్తవ్. ఈడ చూస్తే గిట్ల పోసిన్రు!"

నేను నవ్వుదామనుకున్నాను. నోరు తెరిస్తే నవ్వు రాలేదు. గట్టు మీద రాందాస్ తన తువ్వాలు మడుస్తున్నాడు. అంచులు కలిపి, దులిపి, మళ్ళీ మడిచి. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం ఒంటరిగా అలాగే మడుచుకుని పోయేవాడు కాబోలు. నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆ పక్కన అనంతమ్మను కూర్చోబెట్టి ఊహించుకున్నాను. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు బస్సులు మారి, తన పిల్లలు తిన్నారో లేదో చూడ్డానికి పోతున్న అనంతమ్మను.

"బిడ్డా," అన్నాను ఫరహాతో. "లారీల డబ్బాల పక్కన ఇద్దరికి చోటుంటదా?"

అనంతమ్మ చేతిలో ఊక అలాగే ఉండిపోయింది.

"ఎనభై ఆరు వరదకు గూడ ఒడ్డు ఇడవని మనిషివి కదా?" అంది ఫరహా.

"అప్పుడు మా అత్తగారింట్ల ఉన్న లే. వరద పోయినంకనే వచ్చిన."

రూప్‌సింగ్ పడీపడీ నవ్వాడు. ఫరహా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముందు సీటు చాచీకి. నీకు ఎనకాల, ఐసు మీద. మా అబ్బా ఈ జట్టును గట్లనే తెచ్చిండు."

నేను గోనె తీసి ఊక చేత్తో పక్కకు నెట్టాను. ఐసు గాలి తగిలి తళతళలాడింది. అది కరిగేదాకా మేమంతా దాని చుట్టూ కూర్చున్నాం. ఆటగాళ్ళు, ఊరి కుర్రాళ్ళు, రాందాస్ కూడా. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చివరి పలుకు రాయి మీద తిరిగి తిరిగి నీరయ్యాక, విజిల్ అనంతమ్మకు ఇచ్చాను. ఆమె ఎన్నడూ ఊదలేదు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మోగింది.

ఇప్పుడు వేంసూరులో కూర్చుని ఇదంతా రాశాను. నిన్న మధ్యాహ్నం పిల్లలు తిని పోయాక అనంతమ్మకు చదివి వినిపించాను. తుమ్ముతూ దిగిన జట్టు దగ్గర ముసిముసిగా నవ్వింది. వాగు గోదావరి అయినా ఏమీ అనలేదు. గోనెసంచి దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. గోనె నేనెప్పుడు కప్పిన?"

"ఎవరు కప్పితే ఏందే? కథల ఎవరో ఒకరు కప్పాలె గదా."

"గట్ల కాదు. ఉన్నదున్నట్టు రాయి."

రాస్తున్నాను. గోనె కప్పింది నేనే. ఆట చూస్తున్నట్టు మొహం అటు పెట్టి, ఎడమ చేత్తో కప్పాను. ఆమె అది చూసి, ఏమీ అనకుండా పోయి ఊక తెచ్చింది.